గేదె మనదే, కొట్టం వారిది

సంతలో గేదెను కొన్నారనుకోండి. బేరమాడారు, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. పలుపు పట్టుకుని ఇంటిదారి పట్టబోతే అమ్మినాయన అడ్డం వచ్చాడు. "అయ్యో, ఎక్కడికండీ తోలుకుపోతున్నారు? గేదె మీదే, కాదన్నదెవరు? కానీ అది మా కొట్టంలోనే ఉంటుంది. పాలు కావాలన్నప్పుడల్లా చెంబు పట్టుకుని రండి, అర్ధరాత్రయినా తలుపు తీస్తాం. పక్కవీధి కొట్టంలో పితుక్కుంటామంటారా? దానికేం భాగ్యం, అక్కడికెళ్ళి ఇదే గేదెను మళ్ళీ కొనుక్కోండి."

పల్లెలో ఈ మాటన్నవాణ్ణి అదే పలుపుతో రాటకు కట్టేస్తారు. కంప్యూటర్ గేముల లోకంలో మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఇదే వ్యాపారం, అదీ దండలు వేయించుకుంటూ. 2003 సెప్టెంబరులో అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టాన్ని మొదలుపెట్టింది. మరుసటేడు తన హాఫ్ లైఫ్ 2 ఆట డిస్కును అంగట్లో కొని ఇంటికి తెచ్చుకున్నవాడిక్కూడా 'స్టీమ్‌లో ఖాతా తెరువు, అప్పుడే ఆడనిస్తాం' అంది. జనం కాసేపు గొణిగారు. తరవాత పండగ డిస్కౌంట్లు వచ్చాయి, గొణుగుడు ఆగింది. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ వాళ్ళు ఎదురుగా ఇంకో కొట్టం కట్టారు. స్టీమ్ మామూలుగా అమ్మకంలో నూటికి 30 కోసుకుంటుంది, మేము 12తో సరిపెట్టుకుంటాం అని చాటించారు. ఆట తయారుచేసినవాడికి అది నిజంగానే మంచి కబురు. ఆట కొన్నవాడికి దక్కిందేమిటంటే, గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో పాస్‌వర్డు.

పాస్‌వర్డుతో పాటు ఉచిత గేదెలు కూడా వచ్చాయని ఒప్పుకోవాలి. 2020 మే నెలలో ఎపిక్ వాళ్ళు జీటీఏ 5 ఆటను ఊరికే ఇస్తామన్నారు. వచ్చిపడిన జనానికి వాళ్ళ సర్వర్లే కూలబడ్డాయి. ఆ మరుసటి వారం సివిలైజేషన్ 6. ఉచితం కదా అని తీసుకున్నాక అసలు కథ మొదలవుతుంది. ఆ ఆటలో కొత్త దేశాలు, కొత్త రాజులు కావాలంటే డీఎల్‌సీలనే అదనపు భాగాలు కొనాలి. మీరు అంతకుముందే స్టీమ్‌లో ఆ డీఎల్‌సీలు కొని ఉన్నా సరే, ఎపిక్‌లోని ఆట వాటి ముఖం చూడదు. అదే ఆట, అదే కంపెనీ, అదే మీ కంప్యూటర్, అదే హార్డ్ డిస్కు. మధ్యలో గోడ మాత్రం చైనా గోడ. స్టీమ్ వర్క్‌షాప్‌లో జనం సరదాగా చేసిపెట్టిన మాడ్లు, అంటే ఆటకు మార్పుచేర్పులు, అక్కడే ఆగిపోతాయి. గెలిచిన అచీవ్‌మెంట్లూ అక్కడే. వాటి కోసం నిద్రమానుకున్న రాత్రుల సంగతి అడిగే నాథుడు లేడు.

ఇదంతా ఎందుకయ్యా అని అడిగితే దుకాణదారులకంటే ముందు వాళ్ళ వీరాభిమానులు జవాబు చెబుతారు. హీరోలకు కటౌట్లు కట్టి పాలు పోసేవాళ్ళను కన్న నేల మనది, అభిమానం మనకు కొత్త కాదు. కానీ దుకాణానికి అభిమానులుండటం, కౌంటరు మీద కమిషన్ తీసుకునేవాడి పరువు కోసం తోటి కొనుగోలుదారుతో కొట్లాడటం చూస్తే మన ఫ్యాన్స్ మహా వివేకులనిపిస్తుంది. ఆ అభిమానులు చెప్పే జవాబు ఒక్కటే: "నీకు టెక్నాలజీ తెలీదు. ఒక స్టోర్‌లో కొన్నట్టు ఇంకో స్టోర్‌కి ఎలా తెలుస్తుంది?"

తెలుసుకుందాం. స్టీమ్‌లో కొన్న జీటీఏ 5ను తెరవండి. ముందు స్టీమ్ లేస్తుంది. అది వెళ్ళి, ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ వారి లాంచర్‌ను తట్టి లేపుతుంది. ఆ లాంచర్ బద్ధకంగా కళ్ళు తెరిచి, అవసరమైతే తనకో అప్‌డేట్ వేసుకుని, మీరెవరని అడిగి, అప్పుడు ఆటను లేపుతుంది. అంటే ఆట ఎవరిదో, ఎవరు కొన్నారో రాక్‌స్టార్‌కు తెలుసు, స్టీమ్‌కు తెలుసు. మీరు ఆట తెరిచిన ప్రతిసారీ ఆ ఇద్దరూ మీ గురించి మాట్లాడుకుంటున్నారు కూడా. తెలియనిదల్లా మీకే, ఆట ఎప్పుడు మొదలవుతుందో.

ఇంకోటి. ఆట తయారుచేసిన కంపెనీలు కొన్ని షరతులకు లోబడి వాల్వ్ దగ్గర స్టీమ్ కీలు తీసుకోవచ్చు. కీ అంటే ఏం లేదు, కొన్ని అక్షరాలూ అంకెలూ. ఆ కీని వాళ్ళు తమ సొంత సైట్‌లోనో మరో దుకాణంలోనో అమ్ముకుంటే వాల్వ్ అందులో పైసా కమిషన్ తీసుకోదు. అయినా ఆ కీ కొట్టినవాడికి ఆటను తన సర్వర్ల నుంచే దింపి ఇస్తుంది. అంటే వేరే అంగట్లో అమ్ముడైన ఆటను తన ఖర్చుతో మోసే పని స్టీమ్ రోజూ చేస్తూనే ఉంది. చేతకాకపోవడం అనే మాట ఇక్కడితో సరి.

ఇంతకీ ఆటలు నిజంగా ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి నడిచి వెళ్ళిన రోజులున్నాయి. బెథెస్డా అనే పెద్ద కంపెనీ ఉంది, ఫాలౌట్, ఎల్డర్ స్క్రోల్స్ వాళ్ళది. స్టీమ్‌కు 30 శాతం ఇవ్వడం దేనికని 2018లో ఫాలౌట్ 76ను పీసీ మీద సొంత కొట్టంలోనే కట్టేసింది. ఆ గేదె పాలివ్వడం అటుంచి పొడవడం మొదలుపెట్టింది. లోపాలు చూసి జనం దండకాలు చదివారు. 2020 ఏప్రిల్‌లో ఆటను స్టీమ్‌కు తోలుకొచ్చారు. అంతకుముందే కొన్నవాళ్ళు ఫలానా తేదీలోగా రెండు ఖాతాలూ కలిపితే స్టీమ్‌లో కూడా ఉచితంగా ఇచ్చారు. 2022 వచ్చేసరికి బెథెస్డా తన లాంచర్‌నే మూసేస్తున్నామంది. అప్పుడు చూడాలి ఆ ఉదారత! కొన్న ఆటలన్నీ స్టీమ్‌కు మార్చుకోండి అన్నారు. వాలెట్‌లో మిగిలిన డబ్బులూ మార్చారు. చాలా ఆటల్లో సేవ్ ఫైళ్ళు కూడా వెంట వెళ్ళాయి. వెళ్ళనివాటిని చేత్తో కాపీ చేసుకోమని దారి చెప్పారు. మే 11న కొట్టానికి తాళం పడింది, ఆటలు స్టీమ్‌లో హాయిగా మేస్తూ ఉన్నాయి. అసాధ్యమని అభిమానులు ఒట్టేసి చెప్పే పని, దుకాణదారుకు దుకాణం బరువైన మరుక్షణం కొన్ని వారాల్లో పూర్తయిపోయింది.

సూత్రం అర్థమైంది కదా. మీరు వెళ్ళిపోతామంటే దారి లేదు. వాళ్ళు వెళ్ళిపోతామంటే రహదారే.

ఇంకోవైపు నుంచి కూడా ఒకసారి తలుపు తెరుచుకుంది. పోలండ్‌కు చెందిన జీఓజీ అనే దుకాణం 2008 నుంచి ఉంది. అక్కడ కొన్న ఆటకు తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దింపుకుని పెట్టుకుంటే ఆ దుకాణం ఉన్నా ఊడినా మీ ఆట మీ దగ్గర నడుస్తుంది. 2016లో వాళ్ళు జీఓజీ కనెక్ట్ అని ఒకటి పెట్టారు. మీ స్టీమ్ ఖాతాను చూపించండి, అక్కడ మీరు కొన్న ఆటలు మా దగ్గర ఉంటే ఉచితంగా ఇస్తాం అన్నారు. పెళ్ళిలో రెండో వడ్డనకు పిలిచినట్టు జనం ఉరికారు. అయితే ఆట తయారీదారు ఒప్పుకుంటేనే. అదీ గడువులోగానే. తొలి విడతలో వచ్చినవి ఇరవై పైచిలుకు ఆటలు. తరవాత అప్పుడొకటి ఇప్పుడొకటి. ఆపైన ఆ పేజీ నీరసించి, ఎవరికీ పెద్దగా చెప్పకుండా కన్నుమూసింది. సంతాప సభ కూడా జరగలేదు.

ఎందుకు పోయిందో ఊహించడం కష్టం కాదు. జీఓజీకి సర్వర్ ఖర్చే తప్ప రూపాయి రాలేదు. తయారీదారుకేమో అదే ఆటను అదే మనిషికి రెండోసారి అమ్ముకునే అవకాశం పోయింది. ఈ రెండో అమ్మకం చిన్న విషయం కాదు. ఎపిక్‌లో ఉచితంగా దొరికిన ఆటను మాడ్ల కోసం స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్న మహానుభావులు నాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు అప్పు చేసి తీసిన ఆటకు ఇలా రెండుసార్లు డబ్బు వస్తే నాకు ఏడుపు లేదు. కోట్ల కాపీలు అమ్ముకున్న కంపెనీకి మాత్రం నా రెండో కట్నం అక్కర్లేదు.

ఎపిక్ అధిపతి టిమ్ స్వీనీ 2021 నవంబరులో సియోల్‌లో మాట్లాడుతూ, సాఫ్ట్‌వేర్ యాజమాన్యం ఇన్ని దుకాణాల మధ్య ముక్కలైపోయింది, ఒకచోట కొంటే అన్నిచోట్లా దక్కే ఒకే స్టోర్ లోకానికి కావాలి అన్నారు. ఎంత గొప్ప మాట! చప్పట్లు కొట్టాను. అలన్ వేక్ 2 అనే ఆటకు డబ్బు పెట్టింది వీరే, దాన్ని 2023లో పీసీ మీద తమ స్టోర్‌లో తప్ప ఇంకెక్కడా దొరకనివ్వనిదీ వీరే. మొసలి కన్నీళ్ళ విషయంలో వాల్వ్ కూడా తక్కువ తినలేదు. 2019 జనవరిలో మెట్రో ఎక్సోడస్ ఆటను, విడుదలకు మూడు వారాలు కూడా లేనప్పుడు, దాని ప్రచురణ సంస్థ ఎపిక్‌కు తరలించింది. అలా చేయడం తమ కస్టమర్లకు అన్యాయమని స్టీమ్ ఏకంగా ఆట పేజీలోనే రాసింది. తన సొంత హాఫ్ లైఫ్‌ను ఎదుటి దుకాణానికి పంపే న్యాయం గురించి అక్కడ ఏమీ రాయలేదు, స్థలం చాలక కాబోలు.

మధ్యలో బ్లాక్‌చైన్ బాబాలు కూడా వచ్చారు. ఎన్ఎఫ్‌టీ అనే డిజిటల్ తాయెత్తు కట్టుకుంటే ఏ వస్తువైనా మీదే అన్నారు. యూబీసాఫ్ట్ కంపెనీ 2021 డిసెంబరులో ఘోస్ట్ రీకన్ బ్రేక్‌పాయింట్ ఆటలో శిరస్త్రాణాలూ తుపాకులూ అలా పంచింది. నాలుగు నెలలకే ఆ ఆటకు ఇక కొత్తగా ఏమీ చేయమని చెప్పేసింది. శిరస్త్రాణం మాత్రం ఇప్పటికీ భక్తులదే. పెట్టుకోవడానికి వేరే ఆట లేదు.

చట్టం వైపు చూద్దామంటే యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే డేటా చట్టం అమల్లో ఉంది. అందులో డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి పట్టుకెళ్ళే హక్కు రాసిపెట్టారు. అంటే అక్కడి కుర్రాడు తాను ఎన్ని గంటలు ఆడాడో ఆ లెక్క అడిగి తీసుకోవచ్చు. ఆడిన ఆటను మాత్రం తీసుకెళ్ళలేడు. ఫ్రాన్స్‌లో ఓ వినియోగదారుల సంఘం, కొన్న ఆటను తిరిగి అమ్ముకునే హక్కు కావాలని వాల్వ్ మీద కేసు వేసి 2019లో గెలిచింది. 2022లో అప్పీలులో ఓడింది, 2024లో పైకోర్టులోనూ ఓడింది. కాగితం పుస్తకం చేతులు మారితే నలుగుతుంది, డిజిటల్ కాపీ నలగదు, అందుకని రెండూ ఒకటి కావన్నది కోర్టు వాదన. సరుకు చెడిపోకపోవడమే మన నేరమన్నమాట. ఇక కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమేనని దుకాణాలు కొనేముందే చెప్పి తీరాలి. స్టీమ్ అంతకుముందే బుద్ధిగా ఆ వాక్యం పెట్టేసింది. కొట్టం గుమ్మానికి బోర్డు వచ్చింది. పలుపు ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఈ విషయంలో లోకానికి పాఠం చెప్పగల అర్హత మనకుంది. మొబైల్ నంబరు కంపెనీది కాదు, వాడేవాడిది అని 2010 నవంబరులో హర్యానాలో మొదలుపెట్టి 2011 జనవరి 20 నాటికి దేశమంతా అమలు చేశాం. 1900కు ఒక మెసేజ్, అప్పట్లో 19 రూపాయల రుసుము, పాత నంబరుతో కొత్త కంపెనీ. టెలికాం కంపెనీలేమీ ఆనందబాష్పాలు రాల్చి ఒప్పుకోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు పెట్టింది, పెట్టాక నోరు మూసుకుని చేశారు. అమెరికాలో సినిమాలకు కూడా 2017 నుంచి మూవీస్ ఎనీవేర్ అని ఒక ఏర్పాటుంది. అందులో చేరిన స్టూడియోల సినిమా ఆపిల్‌లో కొంటే అమెజాన్‌లోనూ కనిపిస్తుంది. ఆటలకూ అలాంటిదే పెట్టండి. వంద జీబీల ఆటను మోయడానికి కొత్త దుకాణానికి ఖర్చవుతుందా? రుసుము పెట్టండి, కడతాం. 19 రూపాయలకు గిట్టకపోతే 190 అడగండి. పూర్తి ధర మళ్ళీ అడగడం మాత్రం రుసుము కాదు.

ఆ రోజు వచ్చేదాకా పాఠకులకు రెండు విన్నపాలు. మీకు కావాల్సిన ఆట జీఓజీలో ఉందేమో ముందు చూడండి. ఉంటే అక్కడే కొని, ఇన్‌స్టాలర్‌ను దింపి ఓ పాత హార్డ్ డిస్కులో భద్రపరచండి. దింపకపోతే అదీ కొట్టమే. ఇక స్టీమ్‌లో వందల ఆటలు పోగేసినవారు వీలునామాలో వాటి ఊసెత్తకండి. ఖాతాను వీలునామా ద్వారా ఇంకొకరికి బదలాయించడం కుదరదని స్టీమ్ సపోర్ట్ 2024లో ఒకరు అడిగితే తేల్చి చెప్పింది. పాస్‌వర్డు ఇంట్లో ఎవరికైనా చెప్పి పెడదామంటారా, నిబంధనల ప్రకారం అదీ నిషిద్ధమే.