కోర్ల సారు

భానూరు అంటే దేశానికి భారత్ డైనమిక్స్, ట్యాంకుల మీదికి వేసే క్షిపణులు. ఇటు పాశమైలారం దాకా ఉన్న షెడ్లలో పనిచేసేవాళ్లు భయపడేది మాత్రం కోర్ల సారుకు. ఇది ఒక మనిషి పేరు కాదు, ఒక జాతి పేరు. షెడ్డులో ఓ మూల అద్దాల గది, అందులో ఏసీ, ఏసీ కింద సర్వరు, దాని ముందు స్వెటరు తొడుక్కుని ఈయన.

మౌసు ముట్టడు. "గా బాణం గుర్తు పట్టుకొని ఉరికేది పిల్లల ఆట" అంటాడు. నల్ల తెర మీద కమాండు కొడుతూ పైకి చదువుతాడు కూడా: "డ్యాష్ డ్యాష్ సీపీయూస్ రెండు... డ్యాష్ డ్యాష్ సీపీయూ ఎగ్జిక్యూషన్ క్యాప్ యాభై." వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటరు లోపలి ఉత్తుత్తి కంప్యూటరులో, ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీకి ఆయన పెట్టే రేషను అది. ఇచ్చిన కోర్లలోనూ, అంటే ప్రాసెసరులో పనిచేసే భాగాల్లోనూ, సగం సమయమే వాడుకోవాలి.

సర్వరులో ఉన్నవి 8 కోర్లు. వాటినే వర్చువల్ మిషన్లకు పంచాడు: డిజైన్ వాళ్లకు 6, అకౌంట్స్‌కు 4, స్టోర్స్‌కు 2, ఎండీ గారి మిషనుకు 4. వెరసి 16. పటాన్‌చెరు పక్కన ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేయిస్తే పోలీసులొస్తారు. ఇక్కడ దాన్ని ఓవర్‌కమిట్ అంటారు, ఇంక్రిమెంటు కూడా వస్తుంది. కొన్నవాళ్లంతా ఒకేసారి ఇల్లు కట్టరన్న ధీమా మీద నడిచే వ్యవహారం. నెలాఖరున అందరూ కడతారు. ఆ రోజు సారు ఫోను ఎత్తడు.

చాయ్ బండి దగ్గర దొరికితే మాత్రం సాకెట్ల కథ తప్పదు. డిజైన్ మిషనుకు ఒకప్పుడు "డ్యాష్ ఎస్‌ఎంపీ 4" అని ఇచ్చాడట. విండోస్ రెండే చూపించింది. ఆ మిషన్లను నడిపే క్యూఈఎంయూ పాత వెర్షను ఆ నాలుగును నాలుగు ప్రాసెసరు సాకెట్లుగా, ఒక్కోదాంట్లో ఒక్క కోరుగా లెక్కగట్టేది. విండోస్ 10 ప్రో రెండు సాకెట్లు దాటి చూడదు. మూడు రోజులు జుట్టు పీక్కుని, "సాకెట్స్ 1, కోర్స్ 4, థ్రెడ్స్ 1" అని విడమరిచి రాస్తే నాలుగూ బయటపడ్డాయి. 2021 డిసెంబరులో వచ్చిన 6.2 వెర్షను నుంచి క్యూఈఎంయూ ముందు కోర్లనే లెక్కేస్తోంది. "నన్ను జూసే మార్చిండ్రు" అంటాడు సారు, రెండో చాయ్ మన ఖాతాలో చెప్పి.

ఇక ఆయన దానగుణం. అకౌంట్స్ మేడం 19వ తారీఖున వచ్చింది. "సార్, రేపు జీఎస్టీకి ఆఖరు. రిపోర్టు వస్తలేదు, జర సూడున్రి." ఆ రిపోర్టు తీసే ఈఆర్‌పీ నడిచేది లినక్స్ మీద. సారు వేళ్లు విరుచుకుని, "విర్ష్ సెట్‌వీసీపీయూస్ అకౌంట్స్ 6 డ్యాష్ డ్యాష్ లైవ్" కొట్టాడు. మిషను ఆపకుండానే నాలుగు ఆరయ్యాయి. మేడం దండం పెట్టి వెళ్లింది. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, పొద్దున చూస్తే మళ్లీ నాలుగే.

"నిన్న ఆరిచ్చిన్రు గద సార్?"

"లైవ్‌ల ఇచ్చిన మేడం. కాన్ఫిగ్‌ల రాయలే."

ఎండీ గారి మిషనుకైతే లైవూ కాన్ఫిగూ రెండూ రాస్తాడు. అక్కడ మతిమరుపు ఉండదు.

అసలు గమ్మత్తు వేరే. మేడం రిపోర్టు ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఆరిచ్చినా అరవై ఇచ్చినా వచ్చే వేగం అదే. అది సారుకు మొదటి రోజు నుంచీ తెలుసు. అడిగింది కాబట్టి ఇచ్చాడు, ఇచ్చాడు కాబట్టి ఆమెకు స్పీడు పెరిగినట్టే అనిపించింది. నాలుగుకు తగ్గిందని చెప్పాకే మళ్లీ నెమ్మదించింది.

కాబట్టి, ఆయన గదికి వెళ్లే పని పడితే కోర్లు అడక్కండి. ఏ రిపోర్టుకు ఎన్ని నిమిషాలు పడుతోందో కాగితం మీద రాసి ఇవ్వండి. నెలాఖరు కాకముందే వెళ్లండి.