ట్రిక్సీ విడుదల పత్రానికి మైలవరం టీక

అవతారిక

డెబియన్ అనే స్వేచ్ఛా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 2025 ఆగస్టు 9న పదమూడో అవతారం ఎత్తింది. పేరు ట్రిక్సీ. ఈ అవతారానికి రెండేళ్లా ఒక నెలా ముప్పై రోజులు పట్టిందని ప్రకటనలోనే ఉంది. రెండు నెలలంటే పోయేదానికి నెలా ముప్పై రోజులని విడమరచడం దేనికని మందబుద్ధులు అడుగుతారు. తిథివార నక్షత్రాలు చెప్పనిదే సంకల్పం సాగదని వాళ్లకు తెలియదు. సంకల్పం తర్వాత సంఖ్యలు. కొత్త ప్యాకేజీలు 14,100కు పైగా, అన్నీ కలిపి 69,830. నవీకరించినవి 44,326. కాలం చెల్లిందని తీసేసినవి 8,840కి పైగా. ఇన్ని అంకెలు చదివాక వాడేవాడికి కంటికి కనబడే మార్పేమిటో చెప్పమంటే, గుమాస్తా దగ్గర ఫైలు అడిగినట్టు, వెతకాలి.

కొలచల మల్లినాథసూరి మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని ఒట్టుపెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నాకు దొరికిన మూలంలో పద్యమే లేదు. అందుచేత ముందు మూలాన్ని నేనే కట్టుకుని, దానికి టీక రాస్తున్నాను. మొదటి ఒట్టు ఇక్కడే పోయింది. రెండోది ఎక్కడ పోతుందో పాఠకులే కనిపెట్టగలరు.

మూలం

ఆ. పాత పోయె కొత్త పలకరింపులు వచ్చె
రంగు మారె తెరయు రమ్యమయ్యె
ముప్పదియును రెండు మోయు యంత్రములకు
విశ్రమించుమనుచు విధి వచించె

ప్రతిపదార్థం

సుగమం. వదిలేశాను.

వ్యాఖ్య

మొదటి పాదం. ఏ విడుదలలోనైనా కంటికి కనబడే మార్పులు మూడే రకాలు. వీటిని కంప్యూటర్ పండితులు రకరకాల పేర్లతో పిలుస్తారు గానీ, చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించేనాటికే మనకు పేర్లున్నాయి: ఆగమం, ఆదేశం, లోపం. ఆగమం స్నేహితుడిలాంటిదని, ఆదేశం శత్రువులాంటిదని వైయాకరణులు అంటారు. ఆగమం వచ్చి పక్కన కూర్చుంటుంది, ఎవరినీ లేవమనదు. పేద, ఆలు అనే ఇద్దరి మధ్యకు రుగాగమం వచ్చి పేదరాలు అయింది. ఎవరి చోటు ఎవరిదే. ఆదేశం ఉన్నవాణ్ణి లేపి వాడి కుర్చీలో కూర్చుంటుంది. అన్న పక్కన తమ్ముడు చేరగానే ‘త’ లేచిపోయి ‘ద’ వచ్చి కూర్చుంది, అన్నదమ్ములయ్యారు. కూర పక్కన కాయ చేరితే కూరగాయ అయింది. తగాదా లేదు, ఎందుకంటే వచ్చినవాడు పోయినవాడి వర్గంవాడే. 2011 ఏప్రిల్‌లో ఉబుంటు 11.04 అనే మరో లినక్స్, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తాలూకు పాత పలకను లేపి యూనిటీ అనే కొత్తదాన్ని కూర్చోబెట్టినప్పుడు మాత్రం ఈ వర్గసూత్రం ఎవరికీ గుర్తులేదు.

లోపం సంగతి వేరు. ఇది నాకు ఇష్టమైన ప్రకరణం. తొందర ఉన్నవాళ్లు మూడో పాదానికి వెళ్లవచ్చు. ‘పుస్తకము’ మీదికి ‘లు’ వచ్చిందనుకోండి. ‘ము’ ఎగిరిపోతుంది. అయితే చిన్నయసూరి అంతటితో వదిలిపెట్టలేదు. ‘ము’ పోయినందుకు దాని ముందున్న అచ్చుకు దీర్ఘం ఇప్పించాడు. పుస్తకాలు, వజ్రాలు, గ్రామాలు అని మనం సాగదీసే ప్రతిచోటా ఆ దీర్ఘం, పోయినదాని తాలూకు నష్టపరిహారం. అక్షరం ముక్క తీసేస్తే పక్కింటివాడికి పరిహారం ఇచ్చే ధర్మం ఈ శాస్త్రంలో ఉంది. అదే 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు కిటికీని కిందికి దించే బొత్తాం ఎగిరిపోయింది, పెద్దది చేసే బొత్తాం దాని వెంటే పోయింది. ఏ అచ్చుకూ దీర్ఘం రాలేదు. మిగిలిన మూసే బొత్తాం వెనకటి పొడవే.

బహుళం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అత్వసంధి బహుళమన్నాడు సూరి. బహుళమంటే నాలుగు రకాలు. ఒకచోట తప్పక జరుగుతుంది. ఒకచోట జరగనే జరగదు: ‘అమ్మ ఇచ్చెను’ అమ్మయిచ్చెను అవుతుంది గానీ అమ్మిచ్చెను కాదు. ఒకచోట జరిగినా జరగకపోయినా ఒకటే: మేనల్లుడు, మేనయల్లుడు, ఇద్దరూ అక్కకొడుకులే. ఒకచోట ఎవరూ ఊహించనిది జరుగుతుంది: ఒక, ఒక కలిస్తే ఒకానొక. ఆ ‘న’ ఎక్కడినుంచి వచ్చిందో అడిగినవాడికి బహుళమనే జవాబు. ఈ ఒక్క మాటతో సూరి వందల కొద్దీ ఫిర్యాదుల్ని ముందే మూసేశాడు. లినక్స్‌లో ప్రింటర్ బహుళం. వైఫై బహుళం. స్కానర్ ఒకానొక. ఇన్ని వేల ప్యాకేజీలు లెక్కపెట్టినవాళ్లు ఈ ఒక్క పదం వాడుకుని ఉంటే పత్రం నిజాయితీగా ఉండేది, పొట్టిగానూ ఉండేది.

అన్నట్టు, ఇది డెబియన్ టీక. ఇందులో ప్యాకేజీలు వేసే పనిముట్టు ఆప్ట్ 3.0లో ఒక మంచి మార్పు ఉంది. ప్యాకేజీలు వేసేటప్పుడు వచ్చేవాటిని ఆకుపచ్చలో, పోయేవాటిని ఎరుపులో, వరసలు కట్టి చూపిస్తుంది. అంటే ఆగమం పచ్చ, లోపం ఎరుపు. ఇది నిజంగా కంటికి కనబడే మార్పు. అక్షరాలా. దీన్ని మెచ్చుకోకపోతే టీకాకారుడికి పాపం.

రెండో పాదం. తెర రమ్యమైన మాట నిజమే. ట్రిక్సీ అంటే టాయ్ స్టోరీ సినిమాలోని మూడు కొమ్ముల నీలం డైనోసార్ బొమ్మ. తెర మీది చిత్రానికి కూడా కొమ్ముల డైనోసార్ల పేరే, సెరటాప్సియన్. డెబియన్ విడుదలలన్నిటికీ ఆ సినిమా బొమ్మల పేర్లే పెడతారు. 1996లో మొదలైన ఆచారం. ఎప్పటికీ పూర్తికాని ప్రయోగశాఖ పేరు సిడ్; సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రవాడి పేరది. దీన్ని నేను తప్పుపట్టను. మా మైలవరం నియోజకవర్గంలోనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు వేసి బొమ్మలు చేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు. పేర్లు కావాలంటే యాభై ఏళ్లకు సరిపడా ఉన్నాయి.

కనబడని మార్పు ఒకటుంది, అదీ ఈ పాదంలోకే వస్తుంది. తాత్కాలిక ఫైళ్లుండే చోటు ఇకనుంచి డిస్కులో కాదు, మెమరీలో. అవసరమైతే మెమరీలో సగందాకా తినగలదు. కొత్తగా వేసుకున్నవాళ్లకు అక్కడ పది రోజులు ముట్టని ఫైలు దానంతటదే పోతుంది. దాని పెద్దన్న ఫోల్డరులో ముప్పై రోజులకు. పదో రోజున ధర్మోదకాలు, నెలకు మాసికం. ఎవరు రాశారో గానీ మన ఆచారం తెలిసినవాడే.

మూడో పాదం. ఇక్కడ టీకాకారుడి గొంతు మారితే మన్నించాలి.

మైలవరంలో మా బావగారికి జిరాక్స్ షాపుంది. ఆధార్ జిరాక్సులు, అడంగల్, 1బీ, పరీక్షల హాల్‌టికెట్లు. ముందు బల్లమీద కొత్త కంప్యూటర్, వెనక గదిలో స్కానింగుకూ ప్రింట్లకూ పెంటియం ఫోర్. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు దానికి డెబియన్ వేసి పెట్టాడు. ట్రిక్సీ వచ్చిందని తెలిసి నేనే అడిగాను, కొత్తది ఎప్పుడు ఎక్కిస్తావురా అని.

“ఎక్కదు మావయ్యా. ఇది ముప్పై రెండు బిట్లది. దానికి ఇన్‌స్టాలరే ఇవ్వలేదు.”

“మరి ఏం చెయ్యమన్నారు?”

“కుదిరితే అరవై నాలుగు బిట్లది మళ్లీ వేసుకోమన్నారు. కుదరకపోతే మెషీన్‌కి రిటైర్మెంట్ ఇమ్మన్నారు.”

“పింఛనుందా?” అన్నారు బావగారు లోపలినుంచి.

నాలుగో పాదం. విధి అనగా డెబియన్ నిర్ణయం. దీనికి కారణం లేకపోలేదు, అది చెప్పకుండా తిట్టడం శాస్త్రమర్యాద కాదు. పాత పద్ధతిలో కంప్యూటర్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో ముప్పై రెండు బిట్లలో లెక్కపెడుతుంది. ఆ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8:44కు నిండిపోతుంది. మరుసెకనులో యంత్రం 1901 డిసెంబరులోకి జారి, తాను మైలవరం జమీందారీలో ఉన్నాననుకుంటుంది. ట్రిక్సీలో ఈ లెక్కను అరవై నాలుగు బిట్లకు పెంచారు. పెంటియం తరగతికి మాత్రం పెంచలేదు. పెంచితే ఆ తరగతికి తయారైన పాత ప్రోగ్రాములు విరుగుతాయి. పైగా ఈ పనంతా చేసేది స్వచ్ఛంద సేవకులు. తరిగిపోతున్న యంత్రాల కోసం కర్నెల్ కట్టడానికీ పరీక్షించడానికీ మనుషులు కావాలి. ఇదంతా ఒప్పుకున్నాను.

ఒప్పుకోనిది వేరే ఉంది. పాత మెషీన్‌కు ప్రాణం పోస్తుందని చెప్పే మాకు లినక్స్ అంటగట్టారు. కాలేజీల్లో పెట్టిన ప్రతి లినక్స్ బల్ల దగ్గరా అదే మాట. డెబియన్ తనను తాను సార్వజనీన ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పుకుంటుంది. ప్రకటనలో అంకెలన్నీ వచ్చి, సాఫ్ట్‌వేర్ల పట్టిక దాటాక, ఏడు రకాల యంత్రాల పేర్లు చదివాక, అప్పుడు వస్తుంది ఎనిమిదోదానికి సెలవు సంగతి. 8,840 ప్యాకేజీలు తీసేశామని గొప్పగా మొదట్లో లెక్క చెప్పినవాళ్లు, షాపు వెనక గదుల్లో, పంచాయతీ బడుల్లో ఇంకా తిరుగుతున్న ఒక తరం యంత్రాల్ని తీసేశామని కూడా అక్కడే చెప్పాల్సింది. ‘ము’ పోతేనే పక్క అచ్చుకు దీర్ఘం ఇచ్చిన భాష మాది. ఇక్కడ మెషీన్ మొత్తం పోయింది. పాత ఇనుము బండివాడు కిలోల్లో ఇచ్చే దీర్ఘం తప్ప మరొకటి లేదు.

తాత్పర్యం

కొత్త డెబియన్ బాగుంది. మీ ప్రాసెసర్ అరవై నాలుగు బిట్లదో కాదో ముందు చూసుకోండి. చాలామంది కోర్ టూ డ్యువో మీద కూడా అలవాటుకొద్దీ ముప్పై రెండు బిట్ల సిస్టమ్ వేసుకుని ఉంటారు. వాళ్ల యంత్రం బతుకుతుంది, సిస్టమ్ మాత్రం మొదటినుంచీ వేసుకోవాలి. నిజంగా ముప్పై రెండు బిట్లదైతే అప్‌గ్రేడ్ జోలికి పోకండి. ఉన్న డెబియన్ 12తోనే కొన్నాళ్లు నడపండి. ఈలోగా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి ఎత్తుకోండి. తర్వాతి విడుదల ఫోర్కీకి పత్రం రాసేవాళ్లకు ఒక మనవి: ఈ నాలుగు ముక్కలూ మొదటి పేరాలో రాయండి. ప్యాకేజీల లెక్క చివర్లో పెట్టుకున్నా ఎవరికీ కోపం రాదు.