సన్మానపత్రం సారు

మా వైపు ఎవరికైనా పదవీ విరమణ దగ్గరపడితే శాలువా సంగతి, భోజనాల సంగతి తరువాత. ముందు "సారుకు చెప్పిండ్రా?" అంటారు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ మండలానికి వెళ్ళినా అలాంటి సారు ఒకరుంటారు. తెలుగు పండితుడు. జేబులో రెండు పెన్నులు, నోటినిండా విశేషణాలు.

సన్మానపత్రం కోసం వచ్చినవాళ్ళను సారు అడిగేది ఒక్కటే: "పేరేంది?" మిగతాదంతా సిద్ధంగా ఉంటుంది. "సహృదయమూర్తీ!" అని ఒక పేరా, "కర్తవ్యపరాయణా!" అని ఇంకోటి, "అజాతశత్రూ!" అని మూడోది. బస్సు డ్రైవరుకూ అవే, పశువుల డాక్టరుకూ అవే. ఇరవై ఏళ్ళుగా పాలోళ్ళతో గెట్టు పంచాయితీ నడుపుతున్న ఒకాయన, అజాతశత్రువనగానే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరికైనా సన్మానమేమోనని. ఓసారి తొందరలో ఒక నర్సమ్మకు పాత పత్రమే పోయింది: "పురుషసింహమా!" ఆమె భర్త మాత్రం చప్పట్లు ఆపలేదు.

తప్పుపట్టబోతే సారు చరిత్ర తీస్తారు. "కురిక్యాల గుట్ట మీద జినవల్లభుడు చెక్కించిందేంది? సన్మానపత్రమే గద!" నిజమే. గంగాధర దగ్గరి ఆ బొమ్మలమ్మ గుట్ట మీద, క్రీ.శ. 945 ప్రాంతంలో, అన్న పంప మహాకవిని పొగుడుతూ ఆ తమ్ముడు కన్నడం, సంస్కృతం, తెలుగు మూడింట్లో శాసనం వేయించాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కందపద్యాలు ఆ బండ మీదివే. కానీ ఆ శాసనంలో పొగడ్తే కాదు, జైన బసది ఉంది, తోట ఉంది, చెరువుంది. అన్న బిరుదు 'కవితాగుణార్ణవ'ను తమ్ముడు గాలికి వదలకుండా నీళ్ళు నిలిచే చెరువుకు పెట్టాడు. సారు ఆ భాగం చెప్పరు.

అసలు విచిత్రం పొద్దున చాయ్ బండి దగ్గర. అక్కడ సారు నోట ఒక్క సమాసం రాదు. "సుర్రుమనే ఎండ", "పండ్లు జివ్వుమనే మామిడికాయ". చల్లారిన చాయ్ ఇస్తే, "గిన్నెలు తోమిన నీళ్ళు పోసినవా?" చనిపోయిన అటెండరు మాటొస్తే, "తాళంచెవుల సప్పుడు ముందొచ్చేది, మనిషి ఎనుక వచ్చేటోడు" అంటారు. ఆ మనిషి మన కళ్ళముందు నడుస్తాడు.

"గదే రాయరాదుండ్రి సార్, పత్రంల?"

"ఛ, అది మాట. ఇది పత్రం."

చివరికి సారు వంతూ వచ్చింది. తన పత్రం తానే రాసి చిన్న పంతులు చేతికిచ్చారు. అజాతశత్రువు దాకా చదివేసరికి సభ సగం లేచింది. అప్పుడు బడిలో వంటచేసే అవ్వ మైకు అందుకుంది: "పచ్చిపులుసుల ఉప్పు తక్కువైతే సారు ఒక్కనాడు ఊకోలే. కని పిలగాండ్లు తిన్నంకనే పల్లెం ముందట కూసుండేది." లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. సారు శాలువా కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు ఎవరో పత్రం కోసం వచ్చారు. సారు కాగితం తీసి, "పేరేంది?" అన్నారు. రాసుకున్నారు. కాసేపాగి, "ఏం తింటడు?" అన్నారు.