ఒక వాయిదా పద్యం: టీకా, తాత్పర్యం, విశేషాంశాలు

మూలం

ఆట పూర్ణమైన యంతనే వచ్చును
తేది పిదప మేమె తెలుపఁగలము
ఇంతకాల మోర్చి యింకొంత యోర్వుడు
వేచియున్న మీకు వేల నతులు

అవతారిక

సందర్భం 2010 అక్టోబర్. గ్రాన్ టురిస్మో 5 అనే కార్ల పందేల ఆట నవంబర్ 2న వస్తుందని జూన్ నెలలో లాస్ ఏంజెలిస్ సభలో చాటిన సోనీ సంస్థ, ఇంకా ఇరవై రోజులుందనగా, ఆ తేదీకి రాదని ప్రకటించింది. పరిపూర్ణంగా ఇవ్వాలన్నది కారణం. ఏడాది చివరి పండుగల్లోపు తప్పక వస్తుందన్నది ఊరట. ప్రకటన ఇంగ్లీషు వచనంలో ఉంది. దాని సారాన్ని నేనే ఈ ఆటవెలదిలోకి దించాను. ఆట సంగతి చెప్పడానికి వేరే ఛందస్సు వెతకడం దండగ.

ఈ పద్యంలో వక్త నిర్మాత సంస్థ. శ్రోతలు 2004 చివర్లోనో 2005 మొదట్లోనో గ్రాన్ టురిస్మో 4 కొనుక్కుని, అందులోని పందేలన్నీ గెలిచేసి, ఆరేళ్లుగా తరువాయి భాగం కోసం చూస్తున్న లక్షలాది జనం. తెరవెనక ఉన్నవాడు కజునోరి యమౌచి. ఆటను తయారుచేసే పాలిఫోనీ డిజిటల్ అధిపతి, ఈ ఆటల పరంపరకు ఆదికవి. 1997లో వచ్చిన మొదటి ఆటకే ఐదేళ్లు తీసుకున్నవాడు.

ప్రతిపదార్థం

ఆట = గ్రాన్ టురిస్మో 5 అనెడి క్రీడ; పూర్ణము ఐన అంతనే = ఏ కొరతయు లేక ముగిసిన తక్షణమే; వచ్చును = అంగళ్లలో దొరకును; తేది = అది దొరకెడి దినము; పిదప = తరువాత (ఎంత తరువాత యనునది కవి హృదయము); మేమె = దుకాణదారులు, పత్రికలవారు, జోస్యులు కాక మేము మాత్రమే; తెలుపఁగలము = తెలుపుటకు శక్తి గలవారము (తెలిపెదము అనలేదని గమనింపవలెను); ఇంతకాలము = ఆరేండ్లు; ఓర్చి = సహించి; ఇంకొంత = దీని కొలత ముందు వివరింపఁబడును; ఓర్వుడు = సహింపుడు; వేచియున్న మీకు = వేఱు దిక్కులేని మీకు; వేల నతులు = అనేక నమస్కారములు. రొక్కము కాదు.

తాత్పర్యం

ఆట ఇప్పుడు రాదు.

విశేషాంశాలు

మొదట 'ఇంకొంత' సంగతి తేల్చాలి. ఈ పదానికి నిఘంటువుల్లో కొలత దొరకదు, పూర్వప్రయోగాల్లోంచి ఏరుకోవాలి. గ్రాన్ టురిస్మో 4ని 2003లో ఇస్తామన్నారు. ఆ డిసెంబర్‌లో జపాన్‌కు అందింది ప్రోలోగ్ అనే రుచి మాత్రమే. అసలు ఆట మరో ఏడాదికి వచ్చింది. కనక ఇంకొంత అంటే ఒక ఏడాది. అరచేతిలో ఆడుకునే ప్లేస్టేషన్ పోర్టబుల్‌కి కూడా ఒక గ్రాన్ టురిస్మో ఇస్తామని 2004లో ఒప్పుకున్నారు. అది 2009 అక్టోబర్‌లో వచ్చింది. కనక ఇంకొంత అంటే ఐదేళ్లు. ఇక ఐదో భాగానికైతే, జపాన్‌లో 2010 మార్చి అన్నారు, జనవరిలో కాదన్నారు, ఆ తర్వాతిదే ఈ నవంబర్ 2. ఇన్ని ప్రయోగాలు ముందుండగా, ఈసారి ఇంకొంత అంటే మూడు వారాలేనని నమ్మిన పండితుడు ఒక్కడు లేడు. నమ్మినవాణ్ణి పండితుడని ఎవరూ అనలేదు.

శంక: 'పూర్ణమైన యంతనే వచ్చును' అనడం పునరుక్తి దోషం కాదా? అన్నం ఉడికాకనే వడ్డిస్తామని విస్తరి ముందు కూర్చున్నవాడికి చెప్పడమెందుకు?

సమాధానం: పైకి పునరుక్తే. కాని ఉడక్కుండా వడ్డించిన చరిత్ర ఈ వంశంలో ఉంది. రెండో భాగాన్ని 1999 డిసెంబర్‌లో పండుగ అమ్మకాల వేళకి తొందరగా బయటికి తోశారు. తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసుల భాగాన్ని తీసేశారు గాని, దాని అవశేషాలు డిస్కులోనే ఉండిపోయాయి. ఎన్ని పందేలు గెలిచారో శాతాల్లో చూపే లెక్క ఒకటి ఆటలో ఉంటుంది. అమెరికాలో మొదట అమ్మిన ప్రతుల్లో అన్నీ గెలిచినవాడికి కూడా ఆ అంకె 98.2 దగ్గర ఆగిపోయేది. మిగిలిన 1.8 శాతం కోసం రాత్రిళ్లు మేలుకున్నవాళ్లున్నారు, పాపం. ఏ కావ్యం ఎంత అసంపూర్ణమో దశాంశ స్థానంతో సహా కవే ప్రకటించుకున్న ఉదంతం సాహిత్యంలో నాకు కనబడలేదు. ఆ 1.8 తెలిసినవాడికి 'పూర్ణమైన' అన్న మాట పునరుక్తిగా వినబడదు.

మతాంతరాలు

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని శపథం పట్టి వ్యాఖ్యానాలు రాసినవాడు మన మెదకు సీమ కొలాచలం మల్లినాథసూరి. ఆట వాయిదాపడ్డప్పుడు పుట్టే వ్యాఖ్యాతలు సరిగ్గా ఆయనకు ఎదుటి గట్టున ఉంటారు. మూలంలో ఉన్నదాని జోలికి పోరు.

వీరిలో శూన్యవాదులది మొదటి మతం. ఆట అనేదే లేదు, ఉన్నవి ట్రైలర్లు మాత్రమే అంటారు. 1997లో ప్రకటించి పదమూడేళ్లయినా అప్పటికింకా రాని డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే మరో ఆటని ప్రమాణంగా చూపించేవారు. ఆ ప్రమాణం కూడా మరుసటి ఏడాది విడుదలై వీళ్ల పరువు తీసింది.

తర్వాతివారు ప్రోలోగ్ దగ్గర చీలిపోయారు. ఐదో భాగానికి కూడా 2007 డిసెంబర్‌లో జపాన్‌లో, మరుసటి వసంతంలో తక్కిన దేశాల్లో ఒక ప్రోలోగ్ వచ్చింది. కొన్ని కార్లు, కొన్ని దారులు. ఉచితం కాదు, డబ్బిచ్చి కొనుక్కోవాలి. యాభై లక్షల పైచిలుకు మంది కొన్నారు కూడా. ప్రోలోగ్ వేరు, ఆట వేరు, రెండింటికీ రెండుసార్లు చెల్లించాల్సిందే అన్నవారు ద్వైతులు. ప్రోలోగే ఆట, ఇంకేదో రావాల్సి ఉందనుకోవడం మాయ అన్నవారు అద్వైతులు. ప్రోలోగ్ అనేది రాబోయే ఆటకు శరీరమనీ, రెండూ విడదీయరానివనీ, అందుచేత అప్పుడు కట్టిన సొమ్ము ఇప్పటి ధరలో తగ్గించాలనీ అన్నవారు విశిష్టాద్వైతులు. వీరి వాదన తర్కంలో గట్టిది. సోనీ వినలేదు.

చార్వాకులకు ప్రత్యక్షమే ప్రమాణం. గ్రాన్ టురిస్మో 4కీ 5కీ నడుమ మైక్రోసాఫ్ట్ వారి కార్ల పందేల ఆట ఫోర్జా రెండో భాగం 2007లో, మూడో భాగం 2009లో వచ్చేశాయి. కళ్లెదుట కనబడే ఆట ఆడుకోక ఎప్పుడో వచ్చే స్వర్గం కోసం ఉపవాసాలేమిటని వారు ఆ ఆట నడిచే ఎక్స్‌బాక్స్ కొనుక్కున్నారు. మంచి పందేలు ఆడారు, హాయిగా ఉన్నారు. ఈ వ్యాఖ్యాతకు వారిమీద కించిత్తు అసూయ ఉంది.

జ్యోతిష్కుల సంగతి సంగ్రహంగా: ముందస్తు బుకింగ్ తీసుకునే దుకాణాలకు కంప్యూటర్‌లో ఏదో ఒక తేదీ వేస్తే తప్ప పని జరగదు, అంచేత డిసెంబర్ 31 అని వేసుకుంటాయి. వీరు దాన్ని గ్రహస్థితిగా చదివారు.

మరొక మతం నిర్మాత శీలాన్ని పట్టుకుంది. 2010 మేలో జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటల పందెం జరిగితే, యమౌచి స్వయంగా లెక్సస్ కారెక్కి అందులో పాల్గొన్నాడు. ఇక్కడ జనం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటే ఆయన అక్కడ నిజం కారు నడుపుతాడా అని కోపం. ఈ కోపం అలంకారశాస్త్రం తెలియనివారిది. ఆ నూర్‌బుర్గ్‌రింగ్ పాతదారి ఇరవై కిలోమీటర్ల పైమాట, అడవిలోంచి కొండమీంచి పోతుంది. దాన్ని నాలుగో భాగంలోనే ఆయన ఆటలోకి తెచ్చాడు. వర్ణించిన అడవిలోకి తానే వెళ్లి రాత్రంతా తిరిగొచ్చే కవికి ఆలస్యం కాక ఏమవుతుంది? మరుసటి ఏడు నిస్సాన్ జీటీ-ఆర్‌తో అక్కడే తన తరగతిలో గెలిచాడు కూడా. అప్పటికి ఆట విడుదలైంది గనక ఎవరూ తిట్టలేదు.

సిద్ధాంతం

ఈ మతాలన్నీ 'తేది' అన్న పదం చుట్టూ తిరిగాయి. ముడి ఉన్నది 'పూర్ణము' దగ్గర. దీనికి తర్కం అక్కర్లేదు, ఎక్కాలు చాలు.

యమౌచి పలుమార్లు చెప్పిన లెక్క ఒకటుంది. తొలి రోజుల్లో ఒక కారు బొమ్మ చెక్కడానికి ఒక మనిషికి ఒక రోజు పట్టేది. సోనీ ఆటయంత్రం ప్లేస్టేషన్ 2 కాలానికి అది నెల అయింది. ప్లేస్టేషన్ 3 మీద ఆరు నెలలు. ఎందుకంటే ఇప్పుడు కారు లోపల కూర్చోవచ్చు. మీటరు ముల్లు, స్టీరింగ్ మీది మీటలు, తోలు సీటు అంచున కుట్టు, అన్నీ విడిగా చెక్కాలి. ఐదో భాగంలో ఇస్తామన్నవి వెయ్యికి పైగా కార్లు. వెయ్యిని ఆరు పెట్టి గుణిస్తే ఆరువేల నెలలు, అంటే ఐదువందల మనిషి-సంవత్సరాలు.

అందుకే అలా చెయ్యలేదు. రెండొందల కార్లనే ఆ పద్ధతిలో చెక్కి ప్రీమియం అన్నారు. మిగతా ఎనిమిదివందలూ ప్లేస్టేషన్ 2 నాటి బొమ్మలు. వాటికి కొంత మెరుగుపెట్టి స్టాండర్డ్ అన్నారు. స్టాండర్డ్ కారు అద్దాల వెనక నల్లగా ఉంటుంది, లోపల సీటు లేదు, చక్రం లేదు, కూర్చుని చూసే వీలు లేదు. పైగా వాటిలో ఒకే స్కైలైన్ కారు, ఒకే మియాటా కారు ఏడాదికో పేరుతో వరసకట్టి నిలబడతాయి. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనల కోసం అక్కర్లేని చోట కూడా ఒక సూర్యోదయం పెట్టినట్టే ఇది. సంఖ్య పూర్తవ్వాలి.

సరే, ఆ ఎనిమిదివందలకు కూడా నిజంగా పూర్ణత్వం కావాలంటే? నాలుగువందల మనిషి-సంవత్సరాలు. వందమంది శిల్పులు వేరే పని పెట్టుకోకుండా కూర్చుంటే నాలుగేళ్లు. అంటే 2014. అప్పటికి ప్లేస్టేషన్ 4 వచ్చి ఏడాది అవుతుంది, దానికి ఈ ఆరునెలల పనితనం చాలదు. మళ్లీ మొదటి కారు దగ్గరికి. ఈ లెక్క నిర్మాతకు తెలియదనుకోవడం అమాయకత్వం.

మరి అక్టోబర్‌లో అడిగిన గడువులో ఏం పూర్తిచేశారు? ఆట చివరకు అమెరికా, ఐరోపాల్లో నవంబర్ 24న వచ్చింది. ఇరవై రెండు రోజులు. ఆ వ్యవధిలో ఒక్క కారుకి ముందు అద్దం కూడా తెమలదు. బ్లూ-రే డిస్కులు అచ్చయి, డబ్బాల్లోకెక్కి, లారీల్లో, ఓడల్లో అంగళ్లకు చేరడానికి వారాలు పడుతుంది. నవంబర్ 2కి అందాలంటే మూలప్రతి సెప్టెంబర్ ఆఖరుకో అక్టోబర్ మొదటికో అచ్చుకి పోవాలి. పోలేదన్నమాట. మార్చి వాయిదాలో నాకు శిల్పి మొండితనం కనబడుతుంది, దాన్ని గౌరవిస్తాను. అక్టోబర్ వాయిదాలో కనబడేది ప్రెస్సుకి ఫైలు ఆలస్యంగా పంపిన సంపాదకుడు. రెండింటికీ 'పరిపూర్ణత' అన్న ఒకే శాలువా కప్పడం మర్యాద కాదు.

వచ్చిన ఆట ఎలా ఉందంటారా? అద్భుతంగా, అక్కడక్కడ అతుకులతో. బ్రిటన్ టీవీవారి టాప్ గేర్ మైదానంలో పాతకాలపు ఫోక్స్‌వ్యాగన్ సాంబా బస్సులతో పందెం పెట్టారు. గంటకు మూడొందల కిలోమీటర్ల కార్ల కోసం ఆరేళ్లు కాచుకున్నవాడు ఆ ఎర్రబస్సులాంటిదాన్ని మలుపు తిప్పలేక, పక్క బస్సుని రాసుకుంటూ, పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాడు. పాతకారు కొంటే ఆయిల్ మార్పించాలి, మురికైతే కడిగించాలి. నీడల అంచులు మాత్రం రంపపు పళ్లలా ఉన్నాయి. విడుదలనాడే ఒక సవరణ దించుకోమంది. కోటి మందికి పైగా కొన్నారు. శూన్యవాదులు వరసలో ముందున్నారని వినికిడి.

పాఠభేదం

2011 అక్టోబర్‌లో పెద్ద సవరణ ఒకటి వచ్చింది. స్టాండర్డ్ కార్ల లోపల కూర్చునే వీలు కల్పించామన్నారు. కూర్చుని చూస్తే నల్లటి నీడబొమ్మ, కిటికీ ఆకారంలో. పూర్ణత్వాన్ని సూచ్యంగా వదిలారు. 2013 డిసెంబర్‌లో వచ్చిన ఆరో భాగంలో పన్నెండొందల కార్లన్నారు, స్టాండర్డ్‌లు అందులోనూ ఉన్నాయి. తర్వాతి గ్రాన్ టురిస్మో స్పోర్ట్ 2016 నవంబర్ నుంచి 2017 అక్టోబర్‌కి జరిగింది. అందులో నూట అరవై చిల్లర కార్లే, కాని అన్నీ కొత్తగా చెక్కినవి. అప్పుడు జనం కార్లు తక్కువన్నారు. ఏడో భాగాన్ని మహమ్మారి వేళ 2021 నుంచి 2022 మార్చి 4కి జరిపారు.

ఈ కాలపు ప్రతుల్లో మొదటి పాదం వేరేగా కనబడుతుంది:

ఆట వచ్చి పిదప నగును పూర్ణంబుగా

ఛందస్సు చెడలేదు, యతి కుదిరింది, అర్థం తలకిందులైంది. ముందు అమ్ముతారు, తర్వాత నెలనెలా సవరణలతో నింపుతారు. ఏడో భాగం విడుదలైన రెండు వారాలకు ఒక సవరణ వికటించి, ఇంటర్నెట్‌కి తగిలించకపోతే చాలావరకు నడవని ఆ ఆట ముప్పై గంటలకు పైగా మూతపడింది. డిస్కు చేతిలో ఉంది, డబ్బు కట్టారు, ఆట లేదు. జనం మళ్లీ ఒక ప్రకటన కోసం ఎదురుచూశారు, క్షమాపణలతో అది వచ్చింది.

మూడు, నాలుగు పాదాలకు మాత్రం ఇంతవరకు పాఠభేదాలు దొరకలేదు.