స్కానర్ సిద్ధాంతి

కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద, మణుగూరు బొగ్గు మోసే లారీలున్నన్నాళ్లూ పాల్వంచలో ఈయన షెడ్డు ఖాళీగా ఉండదు. మెకానికే గానీ చొక్కా తెల్లగా ఉంటుంది. 2020లో బీఎస్6 బండ్లు దిగాక దశ తిరిగినవాళ్లలో ఒకడు. పానాలు కుర్రాళ్లకు వదిలేసి ట్యాబ్ పట్టుకున్నాడు.

లారీ ఆగుతుంది. డ్రైవర్ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెడతాడు.

"నువ్వు చెప్పకు బాబాయ్. బండే చెప్తది."

ప్లగ్గు గుచ్చి, జాతకచక్రం చూసినట్టు స్క్రీనులోకి చూసి నిట్టూరుస్తాడు. "పీ 0193. రైల్ ప్రెషర్ సెన్సార్ పోయింది."

పాపం, కోడు అంత మాట అనలేదు. సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజి ఉండాల్సినదానికన్నా ఎక్కువుందని మాత్రమే అంది. బండి లాగేటప్పుడు ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, అంటే రైల్లో, ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ సంగతి ఇంజన్ కంప్యూటరైన ఈసీఎంకు చేరవేసే సెన్సార్‌కు మూడే వైర్లు. ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మూడోది సిగ్నల్. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా చూస్తే చాలా బండ్లలో సిగ్నల్ అర వోల్టు చుట్టుపక్కల ఉంటుంది. 5 దగ్గరే బిగుసుకుందంటే వైరు తెగి ఉండొచ్చు, 5 వోల్టుల వైరుకు తగిలి ఉండొచ్చు, కనెక్టర్లో పిన్ను వదులై ఉండొచ్చు. ఇవన్నీ చూశాకే సెన్సార్ వంతు. మల్టీమీటరు ఈయన దగ్గరా ఉంది. షెడ్డులో ఫ్యాను ఆగినప్పుడు తీస్తాడు.

క్లీనరు కుర్రాడు ఇంజన్ మీది బూడిద గుడ్డతో తుడుస్తూ ఆగాడు. క్లాంపు దగ్గర ఒక వైరు ఒరుసుకుపోయి రెండు పోగుల మీద వేలాడుతోంది.

"అన్నా, ఈ వైరు..."

"స్కానర్ నువ్వు పట్టినవా, నేను పట్టిన్నా?"

2024 ఆగస్టులో కేటీపీఎస్ పాత కూలింగ్ టవర్లు ఎనిమిదీ నేలకూలాయి గానీ ఈయన నమ్మకం మాత్రం ఇంచు కదల్లేదు. విజయవాడ ఆటోనగర్ నుంచి సెన్సార్ పార్శిల్లో వచ్చింది. బిగించారు. కోడు చెరిపేశాడు. డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరింది. స్కానింగుకు వేరే, బిగించినందుకు వేరే తీసుకుని, "ఇక ఢోకా లేదు, పో" అన్నాడు.

భద్రాచలం రోడ్డులో నాలుగు గుంతలు పడేసరికి ఆ రెండు పోగులూ తెగాయి. లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. డ్రైవర్ ఫోన్ చేశాడు.

"యాడున్నవ్ బాబాయ్?"

"పెద్దమ్మ గుడి కాడ."

"మంచిదే అయింది. ముందొక కొబ్బరికాయ కొట్టు. కొత్త సెన్సార్‌కు దిష్టి తగిలుంటది."