561కి బహిరంగ లేఖ

561కి,

నువ్వు ప్రధాన సంఖ్యవు కావని తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నీ అంకెలు కూడితే 12. అంటే 3 నిన్ను భాగిస్తుంది. 3, 11, 17 గుణిస్తే వచ్చేదానివి నువ్వు. అంత తేలిగ్గా దొరికిపోయే నీమీద నాకింత కోపం ఎందుకంటే, గణితంలో నేను అన్నిటికన్నా ఇష్టపడే పరీక్షను చెడగొట్టింది నువ్వే.

1640లో ఫెర్మా ఒక ఉత్తరంలో రాసిన సంగతి అది. 7 ప్రధాన సంఖ్య. 2 ఏడో ఘాతం 128, అందులో 2 తీసేస్తే 126, అది 7 పద్దెనిమిదులు. 2 బదులు ఏ పూర్ణాంకం పెట్టినా, 7 బదులు ఏ ప్రధాన సంఖ్య పెట్టినా ఇలా శేషం లేకుండా పోవాల్సిందే. పోకపోతే అది ప్రధాన సంఖ్య కాదు. వందల అంకెల సంఖ్యనైనా కారణాంకాల కోసం వెతక్కుండానే తేల్చేయొచ్చు! పోతే మాత్రం ప్రధాన సంఖ్యే అనుకోవచ్చా? 341 (11×31) 2తో అడిగితే తప్పించుకుంటుంది, 3తో అడిగితే పట్టుబడుతుంది. 2, 3 లాంటి ఆధారాన్ని మార్చి మార్చి అడిగితే చాలు కదా అనిపిస్తుంది.

ఆ ఆశనూ తుంచేశావు. ఏ పూర్ణాంకంతో అడిగినా నీ దగ్గర శేషం సున్నాయే. నీలోంచి 1 తీసేస్తే 560. నీ కారణాంకాల్లో ఒక్కోదాంట్లోంచి 1 తీసేస్తే 2, 10, 16. ఆ మూడూ 560ని భాగిస్తాయి, ఏ కారణాంకమూ రెండుసార్లు రాలేదు. అదీ నీ కిటుకు. ఈ నియమాన్ని 1899లో కోర్సెల్ట్ చెప్పాడు. 1910లో నిన్ను చూపించిన కార్మైకేల్ పేరే మీ జాతికి స్థిరపడింది. నిజానికి 1885లోనే చెక్ మతాచార్యుడు షిమెర్కా నిన్నూ, నీ తర్వాతి ఆరుగురినీ పట్టి అచ్చులో పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

ఆ ఆరుగురిలో 1729 కూడా ఉంది. రామానుజన్ సంఖ్యగా మనం ముద్దు చేసుకునే 1729! అది తెలిసిన రోజు మనసుకు కష్టంగా అనిపించింది.

మీకు అంతులేదని 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పోమరెన్స్ నిరూపించారు. చిన్నదానివి, నీతో నష్టం లేదు. వందల అంకెలుండి చిన్న కారణాంకం ఒక్కటీ లేని నీ చుట్టాలతోనే భయం. రహస్య సంకేతాలకు పెద్ద ప్రధాన సంఖ్యలు కావాలి. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే మీవాళ్లు తగలడం చాలా అరుదు. కానీ మోసగాడు కావాలనే అలాంటిదాన్ని తయారుచేసి ప్రధాన సంఖ్య అని చేతిలో పెట్టగలడు.

నిన్ను పట్టే మార్గం లేకపోలేదు. 560ని సగం చేస్తూ పోతే చివరికి మిగిలే బేసి సంఖ్య 35. 2 ముప్పై ఐదో ఘాతాన్ని నీతో భాగిస్తే శేషం 263. దాన్ని వర్గం చేసి మళ్లీ నీతో భాగిస్తే 166, ఆపైన 67, ఆపైన 1. నువ్వు నిజంగా ప్రధాన సంఖ్యవైతే 1కి ముందు 1 గానీ 560 గానీ ఉండాలి. 67 ఉంది. మిల్లర్–రాబిన్ పరీక్ష చేసేది ఇదే. దాని ముందు ఏ బేసి సంయుక్త సంఖ్యకైనా కనీసం నాలుగింట మూడు వంతుల ఆధారాలు ఎదురు సాక్ష్యం చెబుతాయి. 2002లో కాన్పూర్ ఐఐటీలో అగ్రవాల్, కయాల్, సక్సేనా సందేహానికి తావే లేని వేగవంతమైన పద్ధతిని ఇచ్చారు.

ప్రోగ్రాములు రాసే విద్యార్థులారా, ఫెర్మా పరీక్ష ఒక్కదానితో ఆగిపోకండి. రాసినదానికి ముందుగా 561ని ఇచ్చి చూడండి. ప్రధాన సంఖ్య అని ఒక్కసారి చెప్పినా ఆ ప్రోగ్రామును ఎవరికీ ఇవ్వకండి.