వార్డులో నేను: ఒక హైపో క్యాన్ ఆత్మకథ

ఆసుపత్రిలో అందరూ నన్ను హైపో అంటారు. పూర్తి పేరు సోడియం హైపోక్లోరైట్. పిల్లల వార్డు వెనక చీకటి గదిలో, వెలుతురు చొరని అయిదు లీటర్ల క్యాన్‌లో ఉంటాను. ఎండా వేడీ తగిలితే నా సత్తువ రోజురోజుకీ తగ్గిపోతుంది.

మా వంశం మొదట బట్టల కోసం పుట్టింది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో బెర్తొలే అనే శాస్త్రవేత్త బట్టలు తెల్లబరచడానికి మమ్మల్ని తయారుచేశాడు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసి నేరుగా పురిటి వార్డుకొచ్చే విద్యార్థుల చేత క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

మొన్న రాత్రి వాంతులూ విరేచనాలతో చేరిన ఒక పసివాడు మంచం పక్కనే భళ్ళున కక్కుకున్నాడు. కొత్తగా చేరిన కుర్రాడు నన్ను మగ్గులో వంచుకుని పరిగెత్తాడు. పెద్ద ఆయా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగరా అబ్బాయ్! కక్కులో పులుపుంటుంది. దానిమీద హైపో పోస్తే ఘాటు గ్యాసు లేస్తుంది."

"మరెలా పిన్నీ?"

"ముందు ఎత్తెయ్యి. తర్వాత సబ్బునీళ్ళు. ఆ తర్వాతే ఇది."

ఆమె గ్లౌజులూ మాస్కూ వేసుకుంది. పాతగుడ్డతో అంచుల నుంచి మధ్యకు ముడుచుకుంటూ ఎత్తి పసుపు సంచిలో వేసింది. సబ్బునీళ్ళతో కడిగింది. మురికి మీద పోస్తే నా బలమంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరను. ఈ ఒక్క సంగతి తెలియక నన్ను ఎంత వృథా చేస్తారో!

తర్వాత కొలత. నేను అయిదు శాతం మందును. ఒక వంతుకు 49 వంతుల చన్నీళ్ళు కలిపితే 0.1 శాతం అవుతుంది, నేలకూ మంచం కమ్మీలకూ అది చాలు. నెత్తురు పడినచోట నాలుగు వంతుల నీళ్ళే కలిపి ఒక శాతం చేస్తారు. ఆయా కొలజాడీతో కొలిచి కలిపి, నేల తడిపి, గడియారం చూసుకుని పది నిమిషాలు ఆగింది. ఆ లోపలే కుర్రాడు పొడిగుడ్డ తీశాడు. "ఉండరా, దాన్ని పని చెయ్యనియ్యి" అంది. ఎంత చక్కగా చెప్పిందో! నాకు కావలసింది వ్యవధి. వాసన గుప్పుమంటే శుభ్రమైపోయిందనుకునేవాళ్ళు ఎక్కువ మంది. ఫినాయిల్ ఎంత ఘాటుగా ఉన్నా, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరో వైరస్ విషయంలో దాన్ని నమ్ముకోలేం.

వైరస్‌లన్నీ ఒక్క తీరువి కావు. ఫ్లూకీ కరోనాకీ పైన కొవ్వుపొర ఉంటుంది. సబ్బు దాన్ని చీల్చేస్తుంది, 70 శాతం స్పిరిట్ కూడా చాలు. (99 శాతం స్పిరిట్ ఇంకా మంచిదనుకుంటారు గానీ, కాసిని నీళ్ళుంటేనే అది బాగా పనిచేస్తుంది, పైగా అంత చిక్కనిది ఇట్టే ఆరిపోతుంది.) నోరో, పోలియో, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్‌లకు ఆ పొర లేదు. అక్కడ స్పిరిట్ చాలదు, నేను రావాలి. ఇనుమూ స్టీలూ మాత్రం నా వల్ల తుప్పుపడతాయి, తర్వాత మంచినీళ్ళతో తుడవాలి. మానిటర్లకు స్పిరిట్టే మేలు, మంట దగ్గర లేకుండా చూసుకుని. బాత్రూం యాసిడ్ నాలో పడితే క్లోరిన్ గ్యాసు లేచి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

ఒక బాధ చెప్పుకోవాలి. 2020 మార్చిలో బరేలీలో, కరోనా భయంతో, సొంతూళ్ళకు చేరిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి మా వాళ్ళను వాళ్ళ ఒంటిమీద పిచికారీ చేశారు. పసిపిల్లల కళ్ళు మండాయి. నేను నేలకూ బల్లకూ పనికొచ్చేదాన్ని, మనిషి ఒంటికి కాదు. మనుషుల మీద చల్లవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మే నెలలో గట్టిగా చెప్పింది.

ఈ పొద్దున కుర్రాడు నిన్న కలిపిన నీళ్ళు పారబోసి, కొత్తగా కలిపి, బకెట్ మీద తేదీ రాశాడు. పసివాడి తల్లి డిశ్చార్జి కాగితం పట్టుకుని వచ్చి, "ఇంట్లో కూడా ఇది వాడాలా అక్కా?" అని ఆయానడిగింది.

"రోజూ అక్కర్లేదమ్మా, సబ్బునీళ్ళు చాలు. వాంతులు, విరేచనాలు అయినచోట కడిగాక వాడు, కిటికీలు తీసి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పొయ్యకు, పిల్లలు తాగేస్తారు. మర్చిపోకు, వాడికి గుడ్డ మార్చినప్పుడల్లా నీ చేతులు సబ్బుతో కడుక్కో."